దడి లేని ప్రేమ

ధ్యానమునకు: సామెతలు 12:10, నిర్గమకాండము 21:28, 29, హోషేయ 11:4, యాకోబు 3:7, 8



ఈ నెల ధ్యానమునకై మేము ఒక కుక్కనుగూర్చి వ్రాయబోవుచున్నాము. ఇది చూచి కొందరు నవ్వుకొందురేమో. అయినను పరిశుద్ధ గ్రంథములో ఒక గాడిద నోరు తెరచి ప్రవక్తకు బుద్ధి చెప్పెను. సోమరి చీమలయొద్దకు పంపబడెను. ఏలీయా కరవుకాలమున కాకోలములచేత పోషింపబడెను. కాబట్టి మా యింటి గుమ్మమున పండుకొను కుక్కయొద్ద ఒక పాఠము నేర్చుకొంటిమని చెప్పుటకు మేము సిగ్గుపడుట లేదు. సిగ్గుపడవలసినది మరియొకటి యున్నది. దానినికూడ దాచక చెప్పెదము.

మా కాపురము అరకులోయలో. శృంగవరపుకోట దాటి, ఘాటురోడ్డెక్కి, అనంతగిరి మీదుగా వచ్చువారికి ఈ స్థలము తెలిసియే యుండును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున తూర్పు కనుమల నడుమ గిన్నెవలె నమరిన లోయ యిది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కొటియాలు, పోర్జాలు, గదబలు, కోదులు ఈ కొండలలో తరతరములుగా నివసించుచున్నారు.

ఇక్కడ కుక్క వినోదమునకై పెంచబడునది కాదు. చోడి చేను, సామ చేను పండు కాలమున అడవిపందులు రాత్రివేళ దిగివచ్చి, ఒక సంసారము ఏడాది తినవలసిన గింజను ఒక్క పూటలో త్రొక్కిపోవును. మంచెమీద మనుష్యుడు, మంచెక్రింద కుక్క. ఇద్దరును కలిసి చేను కాయుదురు. చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చినప్పుడు వేటకు పోవువారి వెంట పోవునదియు అదే. స్త్రీలు నీళ్లకై గెడ్డకు దిగినను, అడ్డాకుల మోపులతో సంతకు నడచినను దాని నీడ వారి వెనుకనే యుండును. అందరును త్రాగిన తరువాత కుండ అడుగున మిగిలిన అంబలి దాని పాలు. ఇంత పని చేసి ఇంత తక్కువ కూలి పుచ్చుకొను సేవకుడు మరి యెవడు?

మా కుక్క అట్టి పనిగల కుక్క కాదు. ఐదేండ్ల క్రిందట, వర్షకాలపు ముసురులో, ఘాటురోడ్డు మలుపున కాఫీతోట అంచున అది మాకు దొరకెను. దాని మెడకు నైలాను త్రాడుండెను. పిల్లగా నున్నప్పుడు ఎవరో కట్టిన త్రాడది. కుక్క పెరిగినది గాని కట్టు వదులు చేసినవారు లేరు. త్రాడు మాంసములోనికి దిగి, పుండుపడి, పురుగులు పట్టియుండెను. దానిని గోనెసంచిలో చుట్టి యింటికి తెచ్చితిమి. పశువైద్యుడు కత్తెరతో త్రాడు తీసి పుండు కడిగి కట్టు కట్టెను. ఆ దినమున అది ఆయనను కరచెను, మమ్మును కరచెను, తనకు పోసిన పాలగిన్నెనుకూడ కరచెను. ఎండిన చోడి గింజ రంగు దానిది. అందుచేత మా పిల్లలు దానికి ‘చోడి’ అని పేరు పెట్టిరి.

మెడ పుండు నెలలో మానెను. లోపలి పుండు మానలేదు. కఱ్ఱ పట్టినవానిని చూచిన యెడల చోడికి ఒడలెల్ల వణకు పుట్టును, ఆ వణకు తీరకముందే పండ్లు బయలుపడును. ఈ కొండలలో కఱ్ఱ లేక నడచువాడెవడు? ముసలివాడు ఊతకు పట్టును, మేకలు కాయువాడు తోలుటకు పట్టును, వానకు గొడుగు పట్టినను అదియు దాని కంటికి కఱ్ఱయే. తలకు హెల్మెట్టు పెట్టుకొని వచ్చినవారు దానికి మనుష్యులుగా కనబడరు. పొరుగువారి కోళ్లను మూడింటిని చంపెను. వాటి వెల చెల్లించితిమి. సంతసంచిలోనుండి ఎండుచేపలు దొంగిలించెను. పట్టుబడినప్పుడు మాకంటె ఎక్కువగా నొచ్చుకొన్నట్లు ముఖము పెట్టెను. ఇంట ప్రార్థనకూటమున పాట ఎత్తగానే తానును గొంతెత్తును. అదియు పల్లవికి మాత్రమే; చరణములకు ఊరకుండును.

అయినను దానిని మేము ప్రేమించితిమి. మా చిన్నవాడు జ్వరముతో పడియున్న తొమ్మిది దినములు అది మంచముక్రిందనుండి కదలలేదు. అది యెవరి ప్రాణమును రక్షింపలేదు. పామును చంపలేదు, దొంగను పట్టలేదు. అట్టి కథ చెప్పుటకు మేము కలము పట్టలేదు. ఉదయమున తలుపు తీయగానే మమ్మును చూచి తోకతోపాటు నడుమంతయు ఊపును. మేము మంచివారమైన దినమునను చెడ్డవారమైన దినమునను ఒకే విధముగా ఊపును. ప్రేమించుటకు మాకు అది చాలెను.

ఇంటికి వచ్చినవారిలో ఇద్దరిని అది పంటితో గీచెను. ఒకరు మా బంధువు, ఒకరు పాలు తెచ్చువాడు. గాయము లోతు కానందున ఇద్దరును నవ్వి ఊరకుండిరి. మేమును నవ్వితిమి. “పాపము, అది దుష్టమైనది కాదు, భయపడినది, చిన్నతనమున దెబ్బలు తిన్నది” అని వచ్చిన ప్రతివానికిని చెప్పితిమి. ఆ మాట నిజమే. నిజమైన మాటయే మాకు దుప్పటియాయెను. ఆ దుప్పటిక్రింద మా సోమరితనము పండుకొనియుండెను. ఇంటి చుట్టు దడి వేయవలెనని రెండేండ్లు అనుకొంటిమి, వేయలేదు. ఏటేటా వేయింపవలసిన పిచ్చికుక్క వ్యాధి టీకా ఆ యేడు తప్పిపోయెను. వచ్చే నెల చూతమనుకొంటిమి. త్రాడుతో గాయపడిన మెడకు మరల త్రాడు వేయుటకు మనసొప్పలేదని చెప్పుకొంటిమి. దానిని ప్రేమ అనుకొంటిమి.

క్రిస్మసు పండుగ గడచిన రెండవ వారమున, మంచు ఇంకను విడువని ఉదయమున, పొరుగు గూడెపు చిన్నది ఒకతె, ఎనిమిదేండ్లది, మా యింటికి చిక్కుడుకాయలు తెచ్చుచుండెను. మేకలు తోలు కఱ్ఱ చేతనే యున్నది. చోడి అరవలేదు, ఒక్క దూకు దూకి ఆమె పిక్క పట్టుకొనెను. మేము పరుగెత్తి విడిపించునప్పటికి రక్తము కారుచుండెను. చిక్కుడుకాయలు వాకిట చెల్లాచెదరై పడియుండెను.

ఇట్టి సమయమున ఏమి చేయవలెనో ప్రతి విశ్వాసికిని తెలిసియుండుట మేలు గనుక వ్రాయుచున్నాము. చిన్నదాని అవ్వ గాయముమీద సున్నమును మిరపపొడియు పెట్టుమనెను. అట్లు చేయకూడదు. సబ్బుతో, ధారగా పారు నీటిక్రింద, 15 నిమిషములు తక్కువ కాకుండ గాయము కడుగవలెను. కారము, సున్నము, పసరు ఏదియు పెట్టరాదు, గట్టిగా కట్టు కట్టరాదు. తరువాత ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మేము అట్లే చేసి చిన్నదానిని ఆటోలో తీసికొనిపోతిమి. వైద్యులు గాయము చుట్టు రక్షక ఔషధము వేసి, టీకా మొదలుపెట్టిరి. మొదటి దినమును సున్నగా లెక్కించి 3వ దినమున, 7వ దినమున, 28వ దినమున మరల రావలెననిరి. ఈ వ్యాధి లక్షణములు ఒకసారి బయలుపడిన తరువాత బ్రదికినవారు బహు అరుదు. లక్షణములు రాకముందు టీకా వేసికొన్నవారు దాదాపు అందరును బ్రదుకుదురు. జీవమునకును మరణమునకును మధ్య ఇంత సన్నని గీత మరి ఏ వ్యాధిలోను లేదనవచ్చును.

పారిస్ పట్టణమున లూయీ పాశ్చర్ అను శాస్త్రజ్ఞుడు 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి ఈ టీకా మొదటిసారి వేయించెను. ఆ పిల్లవాడు బ్రదికెను. మన దేశమున 1900లో కసౌలిలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను ఈ పనికై సంస్థలు వెలసెను. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు పొడిపించుకొన్నవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. గొఱ్ఱె మెదడునుండి చేసిన ఆ పాత మందు ఈ శతాబ్దపు మొదటి యేండ్లలోనే మన దేశమున నిలిచిపోయినది. ఇప్పటి సూదులు చేతికే వేయుదురు, నొప్పియు స్వల్పము. చీకటి లోయలో మనతో నడచు దేవుడు ఒక్కొక్కసారి ప్రయోగశాలలో దీపము పట్టుకొని కూర్చున్నవాని చేతులద్వారాకూడ నడచును. అందుకై ఆయనకు స్తోత్రము.

కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవలెనని పశువైద్యుడు చెప్పెను. పది దినములు అది ఆరోగ్యముగా నున్నయెడల, కరచిన దినమున దాని నోట ఆ వ్యాధి లేదని తెలియును. కాని చిన్నదాని టీకా మాత్రము అందుకై ఆగరాదు. ఆ పది దినములు మా యింట అన్నము సహింపలేదు. చోడిని వెనుకగదిలో నుంచితిమి. నీళ్లు పెట్టినప్పుడెల్ల త్రాగునా త్రాగదా అని చూచుచుంటిమి. రాత్రి లేచి లాంతరు పట్టుకొని పోయి చూచితిమి. అది మాత్రము ఏ దోషము నెరుగనిదానివలె తోక నాడించుచుండెను.

ఇంతలో గూడెపు పెద్దలు మా వాకిట చింతచెట్టుక్రింద కూడిరి. ఒకరు మందు పెట్టి చంపుడనిరి. ఒకరు లారీ యెక్కించి ఘాటులో ఎక్కడనైన దింపి రండనిరి. బడిలో చదువుకొన్న ఒకరు సుమతీ శతకము ఎత్తి, శునకమును బంగారు గద్దెమీద కూర్చుండబెట్టినను దాని వెనుకటి గుణము మానదుగదా అనిరి. ఘాటులో దింపివచ్చుట దయగల పనియని మేమును ఒక రాత్రి తలంచితిమి. కాని చోడి మాకు దొరకినది ఘాటు మలుపుననే. ఎవరో ఒకరు దయ అనుకొని దింపిపోయిన కుక్కయే అది. అక్కడ అది ఆకలికి చచ్చును, లేదా మరియొక గూడెపు పిల్లను కరచును. మన కన్ను చూడని చోట జరుగు కీడు మన లెక్కలోనిది కాదని మనసు చెప్పును. తిండి నీరు లేక బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టముకూడ చెప్పుచున్నది.

అందరును మాటలాడిన తరువాత చిన్నదాని తండ్రి లేచెను. ఆయన యెక్కువ మాటలాడువాడు కాడు. గద్దించలేదు, ఏడ్వలేదు. “కుక్కది తప్పు కాదు అయ్యగారూ. దానికి భయం. భయమున్నదాన్ని కట్టుకోవాలి. కట్టడం మీ పని. మీరు కట్టలేదు” అని చెప్పి కూర్చుండెను.

ఎన్నో యేండ్లుగా వాక్యము చెప్పుచు వచ్చిన మేము ఆ దినమున వాక్యము వినినవారమైతిమి. ఆ రాత్రి నిర్గమకాండము 21వ అధ్యాయము తెరచితిమి. ఎద్దు ఒకనిని పొడిచిన యెడల ఎద్దునకు ఒక న్యాయము, దాని యజమానునికి ఒక న్యాయము అక్కడ వ్రాయబడియున్నది. ఆ యెద్దు పూర్వము ఎన్నడును పొడవనిదైతే యజమానుడు నిర్దోషి. అది పొడుచునదని ముందుగా అతనికి తెలుపబడియు, అతడు దానిని భద్రము చేయనియెడల అపరాధము అతనిదే. ఈ ధర్మమును ఎన్నిసార్లు చదివితిమో! ఇది ఎప్పుడో ఎడారిలో ఎద్దులు కాచుకొన్నవారికని దాటిపోతిమి. ఇప్పుడు ఆ రెండు వచనములు మా వాకిటనే నిలిచెను. మాకు రెండుమారులు తెలుపబడెను. మేము భద్రము చేయలేదు.

ప్రియులారా, ఇక్కడ మేము నేర్చుకొన్న మొదటి పాఠమిది: జాలి వేరు, ప్రేమ వేరు. జాలి గడచినదానిని చూచి కన్నీరు కార్చును. ప్రేమ రేపటిని చూచి దడి వేయును. నీతిమంతుడు తన పశువు ప్రాణమును ఎరిగియుండునని సామెతల గ్రంథకర్త బోధించెను. ఎరుగుట అనగా దాని దుఃఖకథను వచ్చినవారికి చెప్పుట కాదు. అది దేనికి భయపడునో, ఎక్కడ కరచునో, దానికేది కావలెనో ఎరిగి, ఆ యెరుకకు తగిన పని చేయుట. మేము చోడి బాధను ఎరుగుదుము. దానిని ప్రక్కింటి చిన్నది తన పిక్కతో మోసెను. ఒకరి గాయమునకు జాలిపడి మరియొకరి గాయమునకు కారణమగుట ప్రేమ కాదు.

రెండవ పాఠము: చంపు కట్టు ఒకటి యున్నది, బ్రదికించు కట్టు ఒకటి యున్నది. చోడి మెడలో దిగిన నైలాను త్రాడు మొదటిది. కట్టినవాడు దానితో నడువలేదు, కట్టి మరచెను. అందుచేత మేము కట్టునే ద్వేషించితిమి. కాని హోషేయ ప్రవక్త నోట దేవుడు తన జనమును మనుష్యులకు తగిన పాశములతో, ప్రేమబంధములతో ఆకర్షించితినని తెలియజేయుచు, దవడలమీది కాడిని తానే తీసి ఆహారము పెట్టితినని చెప్పుచున్నాడు. పట్టువానిచేతనే తినిపించువాడును ఆయనయే. త్రాడు రెండవ కొన యెవరి చేతనున్నదో దానినిబట్టి అది సంకెలయో సంబంధమో యగును.

పది దినములు గడచెను. చోడి ఆరోగ్యముగా నుండెను. ఆ పదకొండవ దినమున వెదురు కొట్టుకొని వచ్చి దడి మొదలుపెట్టితిమి. చిన్నదాని తండ్రియే వచ్చి, మేము పాతిన కఱ్ఱలు పెరికి, లోతుగా మరల పాతెను. గవినికి గంట కట్టితిమి. వచ్చినవారు మ్రోగించినగాని లోపలికి రారాదు. రెండు చెట్ల నడుమ తీగ లాగి, దానిమీద జారునట్లు పొడుగైన త్రాడు కట్టితిమి. అది పరుగెత్తవచ్చును గాని గవిని చేరజాలదు. ఎల్లప్పుడు కట్టియుంచిన కుక్కను తగినంత నడిపింపకపోవుటకూడ పైన చెప్పిన చట్టమున తప్పే గనుక, తెల్లవారకముందు ఒకసారి, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఒకసారి, మూతికి చిక్కము కట్టి నడిపింతుము. కళ్లమున ఎద్దునకు చిక్కము కట్టరాదని ధర్మశాస్త్రమున నున్నదిగదా అని మా పిల్లలు అడిగిరి. ఎద్దు తన కష్టఫలము తినునట్లు ఆ ఆజ్ఞ. పొరుగువాని పిక్క చోడి కష్టఫలము కాదని చెప్పితిమి. టీకా ఇప్పుడు తప్పదు. పాశ్చర్ జ్ఞాపకార్థము జూలై 6వ తేదీని, ఆయన మరణదినమైన సెప్టెంబరు 28వ తేదీని ఈ పనికై లోకమంతట జ్ఞాపకము చేసికొందురు. మీ యింట కుక్క యున్నయెడల ఆ రెండు తేదీలలో ఒకదానిని గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకొనుడి.

మరియొకటికూడ దాచము. ఇంత చేసిన తరువాతను అది మరల కరచినయెడల, వైద్యుని చేతిమీదుగా నొప్పి లేకుండ దానికి ముగింపు కలిగించుటయే న్యాయము కావచ్చునని పశువైద్యుడు మాతో చెప్పెను. ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను, అయినను త్రోసివేయలేదు. ప్రేమించినవారు వినవలసిన మాటలలో అదియు ఒకటి. ప్రతి ఉదయమున గవిని గడియ సరిగా పడినదా అని చూచునప్పుడు, ఆ మాట జ్ఞాపకము వచ్చును. ఇంతవరకు ప్రభువు మాకు ఆ దినమును రానియ్యలేదు.

మూడవ పాఠము మా యింటిలోపలికే వచ్చెను. మృగ పక్షి సర్ప జలచరములలో ప్రతి జాతియు మనుష్యునిచేత సాధు చేయబడెను గాని నాలుకను ఎవడును సాధు చేయలేడని యాకోబు భక్తుడు వ్రాసెను. చోడికి దడి వేయుచున్న ఆ వారముననే మా యింట ఒకరిమీద ఒకరము అరచుకొంటిమి. దడి ఎందుకు ముందే వేయలేదు, టీకా ఎవరు మరచిరి అని నేరము మోపుకొంటిమి. కుక్క తీగక్రింద పండుకొని మా వంక చూచుచుండెను. దానికి చిక్కము కట్టినవారికి చిక్కము లేదు!

కష్టమైన కుక్క కొన్ని యిండ్లలోనే యుండును. కష్టమైన మనుష్యుడు ఇంచుమించు ప్రతి యింటను ఉండును. త్రాగివచ్చి సామాను విసరు అన్న, మాటతో పొడుచు అత్త, ఏ మంచిమాటకును మూతి ముడుచు కుమారుడు. వారి గతము మనకు తెలియును. “పాపము, వాడు చిన్నతనమున చాల బాధపడెను” అని చెప్పుకొందుము. ఆ మాట చెప్పి, అతని భార్య వీపుమీది దెబ్బలను చూడనట్లు ముఖము త్రిప్పుకొందుము. సహోదరులారా, అది క్షమ కాదు, దడి వేయని సోమరితనము. బలహీనులు నలుగునప్పుడు బలవంతునిమీద జాలి చూపి ఊరకుండుట క్రీస్తు నేర్పినది కాదు. ఆయన పాపిని చేర్చుకొనెను, పాపమునకు హద్దు గీచెను. ఇక పాపము చేయవద్దని చెప్పియే పంపెను. మరియొక ప్రక్కన, కష్టమైనవానిని ఘాటులో దింపి చేతులు కడుగుకొనుటయు ఆయన నేర్పినది కాదు. విడిచిపెట్టుట సులువు, విచ్చలవిడిగా వదలుట సులువు. దడి వేసి, దడిలోపల తానును కూర్చుండుట కష్టము. ఆ కష్టమునకే ప్రేమ అని పేరు.

బైబిలులో కుక్కకు మంచిపేరు తక్కువ. ఆ దినములలో అవి యెక్కువగా ఊరిబయట తిరుగు దిక్కులేని కుక్కలు. అయినను ఐగుప్తునుండి ప్రజలు బయలుదేరు రాత్రి వారిమీద కుక్కయు నాలుక ఆడింపదని దేవుడు చెప్పెను. ధనవంతుని వాకిట పడియున్న లాజరునొద్దకు మనుష్యులెవరును రాకపోగా కుక్కలు వచ్చెను. మత్తయి 15వ అధ్యాయములోని కనాను స్త్రీ సంగతి మీకు తెలియును. అక్కడ గ్రీకు మూలమునందలి మాట వీధికుక్కలను గాక, ఇంటిలో తిరుగు చిన్న కుక్కలను తెలుపు మాట. ఆమె ఆ మాటను పట్టుకొనెను. బల్లక్రిందనుండునది బయటిది కాదు, ఆ యింటిదే. యజమానుని చేతినుండి పడు ముక్క దానికిని ఉన్నదని ఆమె వాదించి గెలిచెను. తాను యోగ్యురాలనని ఆమె చెప్పలేదు. బల్ల పెద్దది, యజమానుడు ఉదారుడు అని చెప్పెను. తక్కువవారని పేరుపెట్టి కొండజనులను దూరముంచిన కాలమును ఎరిగిన మాకు ఈ భాగము చదువునప్పుడు గొంతు పట్టును. ఏ మనుష్యుని గూర్చియు ఆ మాట వాడుటకు మనకు అధికారము లేదు. మనలనుగూర్చి మనమే వాడుకొనవచ్చును. ఆ స్త్రీవలె, నిరీక్షణతో.

మార్టిన్ లూథరు ఇంట టోల్పెల్ అను కుక్క యుండెడిది. బల్లమీది మాంసపు ముక్కమీదనే చూపు నిలిపి, నోరు తెరచి, కదలక నిలిచిన ఆ కుక్కను చూచి, తాను ఇట్లు ప్రార్థింపగలిగిన యెడల ఎంత మేలని ఆయన చెప్పినట్లు ఆయన భోజనపు బల్లయొద్ద మాటలను వ్రాసికొన్నవారు తెలిపిరి. మేము భోజనమునకు కూర్చున్నప్పుడు చోడియు అట్లే చూచును. ఎండుచేప వండిన దినమున దాని భక్తికి మేరయుండదు.

ఇక ఆ చిన్నది. సూదులన్నియు ముగిసెను, గాయము మానెను, పిక్కమీద నాలుగు మచ్చలు మిగిలెను. తండ్రి మావలన ఆటో ఖర్చును, పోయిన కూలిలో రెండు దినములదియు మాత్రము పుచ్చుకొనెను, తక్కినది వద్దనెను. క్షమించితినని ఆయన చెప్పలేదు. దడి కఱ్ఱ పాతెను. మాకు అది తెలిసెను. చిన్నది మాత్రము నేటికిని మా యింటి ముందుగా నడువదు. ఆదివారపు బడికి రావలెననిన మా వాకిలి దాటి వచ్చుటే దగ్గర దారి. ఆమె కాఫీతోటలో దిగి, గెడ్డ దాటి, గుట్ట చుట్టి వచ్చును. ఇప్పుడు దడి యున్నది, కుక్క కట్టియున్నది, భయము లేదని ఆమెకు చెప్పబోతిమి. తరువాత నోరు మూసికొంటిమి. భయపడవద్దని చోడికి మేము ఎన్నిమారులు చెప్పలేదు? గాయపడినది కుక్కయైనను బిడ్డయైనను, మన తొందరకు గాయము మానదు.

కాబట్టి ఆదివారము ఉదయమున మాలో ఒకరు గూడెమునకు పోయి, ఆమె చేయి పట్టుకొని, గెడ్డ దాటి, గుట్ట చుట్టి, ఆ దూరపు దారినే ఆమెతో గుడికి నడుచుచున్నాము. దాదాపు అరగంట ఎక్కువ పట్టును. క్షమింపబడినవారు చుట్టుదారిన నడువవలెనని మాకు తెలిసినది. ఆ దారిలో కార్తీకమున వలిసెపూలు విరియబూచి కొండపల్లమంతయు పసుపుపచ్చగా నుండును. ఆమె ఎప్పుడైన ఒకసారి, తానే, “చోడి బాగుందా అమ్మగారూ?” అని అడుగును. “బాగుంది తల్లీ, కట్టే ఉంది” అని చెప్పుదుము. రెండు సంగతులును చెప్పవలెను.

ప్రార్థన: మమ్మును విడిచిపెట్టని దేవా, మేము కరచినప్పుడును నీ చేయి వెనుకకు తీసికొనవైతివి. ప్రేమ యను పేరుతో మేము వేయక మానిన దడులను మాకు చూపుము. మా సోమరితనమువలన గాయపడినవారిని మానుపుము. నోరులేని ప్రాణులను మా చేతికి అప్పగించితివి. వాటి లెక్క నీ యెదుట చెప్పవలసిన దినమును మేము మరువకుండ చేయుము. నీ ప్రేమబంధముతో మమ్మును కట్టి, నీవే ఆ కొనను పట్టుకొని మమ్మును నడిపించుము. యేసు నామమున. ఆమేన్.